అమ్మోనియాకు డబ్బా కొనే ముందు

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడితే నాలుగు దారులు కనిపిస్తాయి. బెజవాడకొకటి, ఏలూరుకొకటి, నూజివీడుకొకటి, గుడివాడకొకటి. గుడివాడ దారి పట్టేవాళ్ళలో చాలామందికి సొంతానికో కౌలుకో చేపల చెరువు ఉంటుంది. వెళ్తూ వెళ్తూ మందుల కొట్టు దగ్గర బండి ఆపుతారు. సంచిలో ప్లాస్టిక్ సీసా, అందులో చెరువు నీళ్ళు. కొట్టతను చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్ళు పోసి, నాలుగు చుక్కల మందు వేసి ఊపి, రంగు చూపిస్తాడు. "అమ్మోనియా రెండు దాటింది బాబాయ్. ఈ డబ్బా చల్లు, రేపటికల్లా దిగిపోద్ది" అంటాడు. మీరు డబ్బా సంచిలో వేసుకుని బండెక్కుతారు.

ఆ నాలుగు చుక్కల గురించీ, ఆ డబ్బా గురించీ ఈ వారం మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చుక్కలు చెప్పేది సగం మాటే. మిగతా సగం మీ చెరువు గట్టు మీద, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు తెలుస్తుంది. ఇక డబ్బా సంగతంటారా, ఎకరం చెరువులో అది చేసే పని కొలతకు కూడా అందదు. ఆ డబ్బుతో ఇంజనుకు డీజిలు పోయించుకోవడం మేలు.

ఇది ఎవరినో చూసి చెబుతున్న మాట కాదు. 2019 వేసవిలో నేను రెండెకరాల చెరువు కౌలుకు చేశాను. శీలావతి, బొచ్చె కలిపి వదిలాను. ఒకసారి మూడు రోజులు వరసగా మబ్బు పట్టింది. కర్రలకు కట్టిన మేత సంచులు సాయంత్రానికి కూడా సగం సగం మిగిలిపోతున్నాయి. నీళ్ళు పట్టుకెళ్తే రెండు పి.పి.ఎం. అన్నారు, సీసా ఇచ్చారు, చల్లాను. మర్నాడు మళ్ళీ పరీక్ష చేయిస్తే పసుపు రంగు రాలేదు. గొట్టంలో నీళ్ళు బూడిదరంగుకు తిరిగి అడుగున ఏదో పేరుకుంది. "పసుపు రాలేదంటే పోయినట్టే" అన్నాడు కొట్టులో కుర్రాడు. నేనూ సంతోషపడి మేత పూర్తిగా కట్టించాను. ఎండ కాసింది, నీళ్ళు చిక్కగా పచ్చబడ్డాయి. పక్క చెరువాయన వచ్చి "కాస్త సున్నం కొట్టించు, నీళ్ళు తేటపడతాయి" అన్నాడు. మిట్టమధ్యాహ్నం రెండింటికి కాల్చిన సున్నం చల్లించాను. ఐదింటికి శీలావతి గట్టు వారకు వచ్చి పక్కకు ఒరిగి తిరగడం మొదలుపెట్టింది. తెల్లారి తేలిన చేప తూకం వేస్తే మూడు క్వింటాళ్ళ పైమాటే.

ఎక్కడెక్కడ తప్పటడుగు వేశానో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

చెరువులోకి అమ్మోనియా ఎక్కడినుంచో రాదు. మనం వేసే మేతలో నుంచే వస్తుంది. మేతలో మాంసకృత్తులు ఉంటాయి, మాంసకృత్తుల్లో నత్రజని ఉంటుంది. చేప తిన్న నత్రజనిలో మూడో వంతో, అంతకన్నా తక్కువో ఒంటికి పడుతుంది. మిగిలినది మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్ళలోకి వదిలేస్తుంది. తినకుండా అడుగున కుళ్ళిన మేతా, రెట్టా కూడా చివరకు అదే అవుతాయి. మాంసకృత్తులు 30 శాతం ఉన్న గుళికల మేత కిలో వేస్తే సుమారు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని నీళ్ళలో కలుస్తుందని లెక్క. నూనె తీసిన తవుడులో మాంసకృత్తులు దాదాపు సగమే కాబట్టి అందులో నుంచి వచ్చేదీ తక్కువ. వేరుశనగ చెక్క అయితే ఎక్కువ. కోళ్ళ ఎరువూ, యూరియా వేసేవాళ్ళకు ఆ లెక్క వేరే కలుపుకోవాలి.

ఇప్పుడు నీళ్ళ లెక్క. ఐదడుగుల లోతు నీళ్ళున్న ఎకరం చెరువులో దాదాపు 60 లక్షల లీటర్ల నీళ్ళుంటాయి. ఒక పి.పి.ఎం. అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. అంటే ఆ ఎకరంలో ఒక పి.పి.ఎం. అమ్మోనియా ఉందంటే ఆరు కిలోలు ఉన్నట్టు. ఈ ఆరు కిలోల సంఖ్య గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం. రోజుకు ఎకరానికి 40 కిలోల గుళికల మేత వేస్తే కిలో పైన 200 గ్రాములు రోజూ కలుస్తుంది. పది రోజులు అలా కలుస్తూ పోతే రెండు పి.పి.ఎం. దాకా రావాలి. మరి మామూలు రోజుల్లో ఎందుకు రాదు? నీళ్ళను పచ్చగా ఉంచే నాచు రేణువులు దాన్ని తినేస్తాయి. అడుగు మట్టిలోనూ నీళ్ళలోనూ ఉండే సూక్ష్మజీవులు కొంత మారుస్తాయి. మీ చెరువులో అసలైన అమ్మోనియా మందు ఆ పచ్చదనమే. మబ్బు పట్టి ఎండ లేకపోతే దాని పని నెమ్మదిస్తుంది. అది ఒక్కసారిగా చచ్చి నీళ్ళు గోధుమరంగుకు తిరిగితే రెండు మూడు రోజుల్లో అమ్మోనియా ఎగబాకుతుంది. పచ్చదనం మరీ ఎక్కువైందని నాచు చంపే మందు కొడితే జరిగేదీ ఇదే. నాచు మందూ, దాని తర్వాత అమ్మోనియా మందూ ఒకే కొట్టులో పక్కపక్కనే ఉంటాయి, గమనించారా?

అసలు విషయం ఇక్కడుంది. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం. అది చేపకు పెద్దగా హాని చెయ్యదు. రెండోది వాయు రూపంలో కరిగి ఉండే అమ్మోనియా. మొప్పల్లోకి దూరి చేపను చంపేది అదే. కొట్టులో వేసే చుక్కలు ఈ రెంటినీ కలిపి చూపిస్తాయి. అందులో విషం ఎంత, విషం కానిది ఎంత అన్నది నీటి పి.హెచ్. మీదా, వేడి మీదా ఆధారపడుతుంది. మన వేసవిలో నీళ్ళు 30 డిగ్రీలుంటాయనుకోండి. మొత్తం అమ్మోనియా రెండు పి.పి.ఎం. ఉందనుకోండి. పి.హెచ్. ఏడున్నర అయితే అందులో విషం 0.05. పి.హెచ్. 8 అయితే 0.15. ఎనిమిదిన్నరకు 0.4. తొమ్మిదికి 0.9 దాకా వెళ్తుంది. చుక్కలు మాత్రం ప్రతిసారీ రెండే అంటాయి! చేపలు ఎల్లకాలం ఉండే నీళ్ళలో ఈ విషపు అమ్మోనియా 0.025 దాటకూడదని ఐరోపా మంచినీటి చేపల పరిశ్రమల సలహా సంఘం 1970ల తొలినాళ్ళలోనే ఒక హద్దు పెట్టింది. మన శీలావతి, బొచ్చె కొద్ది గంటలపాటు అంతకన్నా ఎక్కువే ఓర్చుకుంటాయి. కానీ దానికి పదింతలూ ఇరవయ్యింతలూ రోజూ మధ్యాహ్నం తగులుతుంటే మొప్పలు దెబ్బతింటాయి, మేత తినవు, రోగం తొందరగా అంటుకుంటుంది.

రోజూ మధ్యాహ్నం అని ఎందుకన్నానంటే, పచ్చటి చెరువులో పి.హెచ్. రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున ఏడున్నర ఉన్నది, ఎండెక్కి నాచు బొగ్గుపులుసు వాయువును లాగేసుకునే కొద్దీ పైకి పోతూ, మధ్యాహ్నం మూడింటికి తొమ్మిది దాటొచ్చు. మీరు పొద్దున ఆరింటికి నీళ్ళు ముంచి జంక్షన్‌కు తీసుకెళ్తే, పొద్దుటి నీళ్ళ సంగతి తెలుస్తుంది. చేప చచ్చేది మధ్యాహ్నపు నీళ్ళలో. పైగా సీసాలో గంటల తరబడి ఎండలో బండి మీద ఊగుతూ వచ్చిన నీళ్ళకు చెరువులో ఉన్న పి.హెచ్. ఉండదు. కొట్టులో పి.హెచ్. చూసినా అది సీసాలో నీళ్ళది, మీ చెరువుది కాదు.

ఇప్పుడు నా సున్నం సంగతి అర్థమై ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి అప్పటికే పి.హెచ్. ఎక్కువ. దాని మీద కాల్చిన సున్నం చల్లితే ఇంకా పైకెక్కింది. అప్పటిదాకా నీళ్ళలో హాని లేకుండా పడి ఉన్న అమ్మోనియం ఒక్కసారిగా విషమై కూర్చుంది. నీళ్ళలోకి కొత్తగా గ్రాము అమ్మోనియా కూడా రాలేదు, ఉన్నదే మారింది. సున్నం చెడ్డదని కాదు. చెరువు ఎండబెట్టినప్పుడు అడుగు మట్టికి కాల్చిన సున్నం మంచిదే. చేప ఉన్న చెరువులో మాత్రం అమ్మోనియా ఎంతుందో చూడకుండా కాల్చిన సున్నం కానీ తడి సున్నం కానీ చల్లకండి. వెయ్యక తప్పదంటే రాతి సున్నం పొడి లేదా డోలమైటు వేసుకోండి. అవి పి.హెచ్. ను అంతగా ఎగదోయవు.

చుక్కల సంగతికి వద్దాం. పరీక్ష మందులు రెండు రకాలున్నాయి. పసుపు నుంచి గోధుమరంగుకు పోయేది నెస్లర్ మందు. 1850లలో జర్మనీకి చెందిన నెస్లర్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు. అందులో పాదరసం ఉంటుంది. పరీక్ష అయ్యాక గొట్టంలో నీళ్ళు చెరువులోనో పెరట్లోనో పారబోయకండి, పిల్లలకు అందనివ్వకండి. రెండోది సాలిసిలేట్ రకం. పసుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. కొంచెం ఆగి చూడాలి, తొందరపడితే తక్కువ చూపిస్తుంది. అమ్మోనియాను కట్టేస్తామని చెప్పే ద్రవ మందుల్లో కొన్ని ఫార్మాల్డిహైడ్ సంబంధమైనవి. అవి కలిసిన నీళ్ళలో నెస్లర్ మందు వేస్తే పాదరసం విడిపోయి బూడిదరంగు మడ్డి దిగుతుంది. ఆ రంగును చూసి అమ్మోనియా ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. నా గొట్టంలో అడుగున పేరుకున్నది ఇదేనని తర్వాత అర్థమైంది. కొట్టు కుర్రాడికి అది తెలియదు. నాకూ తెలియదు.

సాలిసిలేట్ పరీక్షకు ఈ ఇబ్బంది లేదు కానీ, అక్కడా ఒక తిరకాసు ఉంది. మందు కట్టేసిన అమ్మోనియాను కూడా అది అమ్మోనియాగానే చూపిస్తుంది. మందు వేశాక కూడా అంకె దిగలేదని కంగారుపడి మళ్ళీ డబ్బా కొనేవాళ్ళున్నారు. ఒక రకం కిట్టు దిగకపోయినా దిగినట్టు భ్రమ కలిగిస్తే, ఇంకొకటి కట్టేసినదాన్ని కూడా కట్టేయనట్టు చూపిస్తుంది. అందుకే మందు చల్లకముందు చేసిన పరీక్షనే నమ్మాలంటాను. చల్లిన తర్వాత చేప తీరు, మేత సంచి తీరు చూసుకోవడమే.

కిట్టు మంచిదో కాదో మీరే తేల్చుకునే ఉపాయం ఒకటి చెబుతాను. బ్యాటరీలో పోసే నీళ్ళు ఒక సీసా తెచ్చుకోండి. అందులో అమ్మోనియా ఉండదు. ముందు ఆ నీళ్ళకు పరీక్ష చేయండి. రంగు వచ్చిందంటే కిట్టు మందు పాడైందన్నమాట. తర్వాత అదే బ్యాటరీ నీళ్ళలో మీరు కొనబోయే మందు ఒక్క చుక్క కలిపి పరీక్ష చేయండి. అప్పుడు రంగు మారినా, మడ్డి దిగినా ఆ మందుకూ ఆ కిట్టుకూ పొసగదు. చెరువు నీళ్ళు రంగు పట్టీలో ఆఖరి ముదురు రంగు చూపిస్తే ఒక పాలు చెరువు నీళ్ళకు మూడు పాళ్ళు బ్యాటరీ నీళ్ళు కలిపి మళ్ళీ చూసి, వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చవేయండి. ఇంకో చిన్న సంగతి. కొన్ని కిట్లు అమ్మోనియా అనీ, కొన్ని అమ్మోనియా నత్రజని అనీ అంకె ఇస్తాయి. నత్రజనిగా ఒకటి అంటే అమ్మోనియాగా 1.2. రెండు కిట్లకు తేడా వస్తే ఒక్కోసారి కారణం ఇదే.

ఇక డబ్బా. వాటర్ కండిషనర్ అన్న మాట ఎక్కడ పుట్టిందో మా మనవడి గాజు తొట్టె చూశాక తెలిసింది నాకు. వాడు బెజవాడలో రంగు చేపలు కొని తెచ్చాడు. వాటితోపాటు చిన్న సీసా కూడా ఇచ్చారు. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది చేప మొప్పలను కాల్చేస్తుంది. ఆ సీసాలోని హైపో, అదే థయోసల్ఫేటు, క్లోరిన్‌ను క్షణాల్లో విరిచేస్తుంది. కొన్నింటిలో కాస్త అమ్మోనియాను కట్టేసే మందు కూడా కలుపుతారు. తొట్టెలో యాభై లీటర్ల నీళ్ళుంటాయి. ఒక పి.పి.ఎం. అమ్మోనియా అంటే 50 మిల్లీగ్రాములు. చెంచాడు మందు చాలు. అక్కడ అది న్యాయమైన సరుకే. అదే పేరు పెద్ద డబ్బా మీద అచ్చు వేసి మన 60 లక్షల లీటర్లకు అమ్ముతున్నారు. మన కాలువ నీళ్ళలో క్లోరిన్ లేదు, హైపోతో మనకు పనిలేదు. అమ్మోనియా కట్టేసే మందు సంగతి చూస్తే, ఫార్మాల్డిహైడ్ బైసల్ఫైట్ రకం కిలో నత్రజనిని కట్టేయడానికి రసాయన లెక్క ప్రకారం దాదాపు 10 కిలోలు కావాలి. మన ఆరు కిలోలకు 60 కిలోలు. లీటరు సీసా ఎకరానికి చల్లితే ఏమవుతుందో మీరే చెప్పండి.

జియోలైటు పేరు వినని చేపల రైతు లేడు. అది నిజంగానే అమ్మోనియాను పీల్చే రాయి. కాదనడం లేదు. కానీ ఎంత పీలుస్తుంది? ఉదారంగా కిలో రాయి 10 గ్రాములు పీల్చిందనుకుందాం. మంచినీళ్ళలో, మంచి రకం రాయి అయితేనే సుమా. ఉప్పు తగిలే బోరు నీళ్ళలో, వనామి చెరువుల్లో సోడియం ముందే ఆ చోట్లన్నీ ఆక్రమిస్తుంది కాబట్టి పీల్చేది నామమాత్రం. ఎకరానికి 20 కిలోలు చల్లమంటారు. పీల్చేది 200 గ్రాములు. ఇందాకటి 40 కిలోల మేత లెక్కలో మీ చేపలు నాలుగు గంటల్లో దాన్ని మళ్ళీ వదిలేస్తాయి. ఒక్క పి.పి.ఎం. తగ్గాలంటే 600 కిలోలు కావాలి. నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. ఎకరానికి 20 కిలోలంటే పది లీటర్ల బక్కెట్టుకు ఎంతో తెలుసా? రెండు మూడు బియ్యపు గింజల ఎత్తు. బక్కెట్టెడు చెరువు నీళ్ళలో అంత పొడి వేసి, మర్నాడు పరీక్ష చేయండి. ఏమాత్రం తేడా కనిపించినా ఈ వ్యాసం చించి పారేయండి. అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చేపల చెరువుల నీటి మీద ఏళ్ళ తరబడి పనిచేసిన క్లాడ్ బాయిడ్ కూడా, చెరువుల్లో వాడే మోతాదులో జియోలైటు అమ్మోనియాను చెప్పుకోదగ్గంతగా తగ్గించదనే రాశారు.

యక్కా అని మరొకటి. మెక్సికో ఎడారుల్లో పెరిగే మొక్క రసం. మిల్లీలీటర్ల లెక్కన చల్లుతారు. ఆరు కిలోల దగ్గర అది ఎంత, మీరే కట్టండి. సూక్ష్మజీవుల పొడి అమ్మేవాళ్ళు ఇంకో మాట చెబుతారు. అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు మన చెరువులో ముందే ఉన్నాయి. వాటికి లేనిది ప్రాణవాయువు. కిలో అమ్మోనియా నత్రజనిని మార్చడానికి అవి నాలుగున్నర కిలోల ప్రాణవాయువు తింటాయి. గాలి లేని నీళ్ళలో పొట్లాలు పొట్లాలు కలిపితే లాభమేమిటి? బెల్లం నీళ్ళు చల్లడంలో శాస్త్రం ఉంది, ఒప్పుకుంటాను. కానీ గ్రాము అమ్మోనియా నత్రజనికి 20 గ్రాముల పిండిపదార్థం లెక్కన ఎకరానికి 120 కిలోలు పడుతుంది. అదీ ప్రాణవాయువును లాగేస్తుంది, గాలి మరలు లేని చెరువులో తెల్లవారుజామున చేప తేలుతుంది.

మరి రెండు పి.పి.ఎం. వస్తే ఏం చెయ్యాలి? మొదట గట్టు మీద, మధ్యాహ్నం మూడింటికి, పి.హెచ్. చూడండి. ఎనిమిది లోపుంటే కంగారుపడకండి, మేత సగం చేసి రెండు రోజులు చూడండి. ఎనిమిదిన్నర దాటితే మేత ఆపేయండి. రెండు రోజులు మేత లేకపోతే చేపకు ఏమీ కాదు. మూడు రోజులైనా కాదు. మేత ఆపిన రోజున ఆ కిలో పావు అమ్మోనియా నీళ్ళలోకి రాదు. ఏ డబ్బా ఇవ్వలేని లాభం ఇది, పైగా మేత ఖర్చు మిగులు. మన రైతుకు సంచి కట్టకపోతే చేప చిక్కిపోతుందని భయం. నాకూ ఉండేది. సగం మిగిలిన సంచి పక్కన కొత్త సంచి కట్టించిన రోజులున్నాయి.

గాలి మరలు ఉన్నవాళ్ళు తెల్లవారుజామునా, పగలూ తిప్పండి. లేనివాళ్ళు ఇంజనుతో అదే చెరువు నీళ్ళు తోడి అందులోకే చిమ్మించండి. కాలువలో నీళ్ళుంటే కొంత పాత నీరు వదిలి కొత్త నీరు పెట్టుకోవచ్చు. 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీళ్ళు కృష్ణా డెల్టాకు వస్తున్నా, ఎండాకాలం కాలువలు కట్టేశాక మనకు మిగిలేది మురుగు కాలువే. దానికో పరీక్ష చేయకుండా నీళ్ళు తోడకండి. పైనున్న చెరువాయన పట్టుబడి చేసి వదిలిన అడుగు నీళ్ళే మీ ఇంజను తోడుతూ ఉండొచ్చు. ఆ నీళ్ళలో మీ చెరువులోకన్నా ఎక్కువ అమ్మోనియా ఉంటుంది. బుడమేరు వైపూ, కొల్లేరు వైపూ దిగే డ్రెయిన్ల మీద బతికే చిన్న రైతులకు ఇది రోజూ ఉండే బాధ. ఒక ఊరివాళ్ళు పట్టుబడి రోజులు ముందుగా ఒకరికొకరు చెప్పుకుంటే సగం తీరుతుంది. చెప్పుకోరు. ధర పడిపోతుందని దాచుకుంటారు.

పెద్ద రైతుకు ఈ వ్యాసం అక్కర్లేదు. వందెకరాలవాళ్ళు సొంతంగా కిట్లూ, మనుషులనూ పెట్టుకుంటారు. ఎకరం, రెండెకరాల కౌలు రైతు మాత్రం పరీక్షకూ, సలహాకూ, మందుకూ, అప్పుకూ ఒక్క కొట్టు మీదే ఆధారపడుతున్నాడు. రోగం చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయినచోట కొట్టతనిని తప్పు పట్టి లాభం లేదు. ఆయనకూ డబ్బాలు అమ్ముడుపోవాలి, మనకు ఇచ్చిన అప్పు తిరిగి రావాలి. పరీక్షను అమ్మకం నుంచి విడదీయాలి. 2020లో మేత నాణ్యత మీద మన రాష్ట్రం చట్టం చేసింది. మేత సంచి మీద మాంసకృత్తులు ఎంతో చదువుకుంటున్నాం. అలాగే నీటి మందు డబ్బా మీద లోపల ఏముందో, కిలో మందు ఎన్ని గ్రాముల అమ్మోనియాను పట్టుకుంటుందో, ఏ రకం కిట్టుతో పరీక్ష చేయాలో తెలుగులో రాసి ఉండాలని అడగాలి. ఆ ఒక్క అంకె అచ్చు వేయమంటే చాలా డబ్బాలు వాటంతటవే కొట్లోంచి మాయమవుతాయని నా అనుమానం. గ్రామ సచివాలయాల్లో మత్స్య సహాయకులున్నారు. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలైనవి ఊళ్ళలోనే ఉన్నాయి. చెరువులున్న ప్రతి ఊళ్ళో ఆ సహాయకుడి చేతికి ఒక సాలిసిలేట్ కిట్టూ, ఒక పి.హెచ్. మీటరూ ఇచ్చి, మధ్యాహ్నం పూట గట్లెక్కి చూడమనాలి. అందుకు కొత్త భవనాలు అక్కర్లేదు.

అంతదాకా ఆగలేక మా ఊళ్ళో ఐదుగురం కలిసి ఒక కిట్టూ, ఒక మీటరూ కొన్నాం. ఒక్కొక్కరు పంటకు డబ్బాల మీద పోసేదానిలో చిన్న భాగం పడింది. కిట్టు నా మోటారు షెడ్డులో, ఎండ తగలని చోట ఉంటుంది. గడువు తేదీ మూత మీద పెన్నుతో రాసి పెట్టాం. పక్కన ఒక నోటు పుస్తకం, అందులో తేదీ, వేళ, పి.హెచ్., అమ్మోనియా, ఆ రోజు కట్టిన సంచులు. మొదట నవ్వినవాళ్ళు ఇప్పుడు పొద్దున్నే నీళ్ళ సీసా పట్టుకుని మా షెడ్డుకే వస్తున్నారు. "మూడింటికి రండి, నీళ్ళు కాదు, మీటరు మీ గట్టుకు తీసుకెళ్ళండి" అని పంపిస్తున్నాను. మీటరు సరిచూసుకునే పొడి పొట్లాలు అయిపోవచ్చాయి. ఈ వారం బెజవాడ వెళ్ళేవాళ్ళతో తెప్పించాలి.